కుక్క అదే పనిగా మూలుగుతుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

పెంపుడు కుక్క ఆగకుండా కుయ్‌కుయ్ మంటుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు, ఇరుగుపొరుగు వారితో మాట పడవలసి వస్తుంది, ఆ కుక్క మీద కోపమూ జాలీ ఒకేసారి కలుగుతాయి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో అపార్ట్‌మెంట్లలో కుక్కలను పెంచే కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. మూలుగును ఎలా ఆపాలని అడిగే ముందు అది ఎందుకు వస్తోందో కనిపెట్టాలన్నదే ఈ జవాబులన్నిటికీ ఆధారం. కారణం మారితే చేయవలసిన పని మారుతుంది. తిండి కోసం మూలిగే కుక్క విషయంలో పనికొచ్చే ఉపాయం భయంతో మూలిగే కుక్కకు హాని చేస్తుంది.

మూలగడం కుక్కలకు సహజమే కదా, ఎంత దాటితే అతి అనుకోవాలి?

సహజమే. కుక్కపిల్ల పుట్టాక కళ్లు తెరవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, చెవులు వినిపించడానికి ఇంకా కొన్ని రోజులు కావాలి. చూపూ వినికిడీ లేని ఆ దశలోనే అది చలి వేసినా, ఆకలి వేసినా, తల్లి ఒంటికి దూరమైనా సన్నగా కూసి తల్లిని రప్పించుకుంటుంది. పెద్దయ్యాక అదే గొంతును మనుషుల కోసం వాడుతుంది: తలుపు తీయమనీ, బయటికి తీసుకువెళ్లమనీ, సోఫా కిందికి దొర్లిన బంతి తీసి ఇమ్మనీ మూలుగుతుంది. అవసరం తీరగానే ఆగిపోయే మూలుగు గురించి దిగులు పడనవసరం లేదు. అవసరం తీరినా ఆగనిది, ఏ అవసరమూ కనబడకుండా రోజూ వచ్చేది, తిండినీ నిద్రనూ చెడగొట్టేది, ఇంతకాలం లేకుండా హఠాత్తుగా మొదలైనది అయితే మాత్రం పట్టించుకోవాలి. వీటిలో చివరిది అన్నిటికంటే ముఖ్యమైనది, ఎందుకంటే అలవాట్లు మెల్లగా పెరుగుతాయి, జబ్బులూ నొప్పులూ ఉన్నట్టుండి వస్తాయి.

కొన్ని జాతులు పుట్టుకతోనే గొంతు ఎక్కువ వాడతాయి. సైబీరియన్ హస్కీ, జర్మన్ షెపర్డ్ వంటివి ఒక నాటు కుక్క కంటే ఎక్కువ సార్లు మూలిగినంత మాత్రాన వాటికి ఏదో లోపం ఉన్నట్టు కాదు. ఏ కుక్కనైనా దాని మునుపటి తీరుతోనే పోల్చి చూడాలి.

కారణం కనిపెట్టడం ఎలా?

ఒక వారం పాటు చిన్న పుస్తకంలో రాసుకోండి. ఎన్ని గంటలకు మొదలైంది, అంతకు ముందు ఏం జరిగింది, ఇంట్లో ఎవరున్నారు, మీరు ఏం చేస్తే ఆగింది అనే నాలుగు సంగతులు చాలు. దానితో పాటు ఒంటిని కూడా గమనించండి. చెవులు వెనక్కి వంచి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని, ఎండ లేకపోయినా రొప్పుతూ, పెదవులు నాకుకుంటూ, నిద్ర రాకుండానే ఆవలిస్తూ మూలిగే కుక్క భయంలో గానీ ఆందోళనలో గానీ ఉన్నట్టు. తోక ఊపుతూ, మిమ్మల్నీ మీ కంచాన్నీ మార్చి మార్చి చూస్తూ మూలిగేది ఏదో అడుగుతోంది. వీపు వంచి, కూర్చోవడానికీ లేవడానికీ ఇబ్బంది పడుతూ మూలిగేది నొప్పి చెబుతోంది. ఫోనులో తీసిన రెండు మూడు వీడియోలు పశువైద్యుడికి చాలా ఉపయోగపడతాయి, ఎందుకంటే ఆసుపత్రి బల్ల మీద నిలబెట్టగానే చాలా కుక్కలు బిగుసుకుపోయి ఇంటి దగ్గర చేసినది ఏదీ అక్కడ చేయవు.

ముందుగా డాక్టరుకు చూపించాలా, శిక్షణ మొదలుపెట్టాలా?

మూలుగు కొత్తగా వచ్చినదైతే ముందు డాక్టరే. నొప్పితో ఉన్న కుక్కకు క్రమశిక్షణ నేర్పబోవడం దానికి చేసే అన్యాయం.

మన ప్రాంతంలో మొదట చూడవలసినవి చెవులూ చర్మమూ. వేలాడే చెవులున్న లాబ్రడార్, కాకర్ స్పానియల్ వంటి జాతుల్లో వానాకాలపు తేమకు చెవిలో చీమూ దురదా పట్టడం చాలా మామూలు. తల విదిలిస్తూ, చెవిని గోడకు రాస్తూ మూలిగితే అదే అనుమానించాలి. పిడుదులు పట్టిన కుక్కలకు వచ్చే ఎర్లికియా, బబేసియా జ్వరాలు మన వేడి వాతావరణంలో ఏడాది పొడవునా కనిపిస్తాయి. కుక్క మందకొడిగా ఉండటం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, కీళ్లు నొప్పిగా ఉన్నట్టు నడవడం, మూత్రం రంగు ముదరడం వాటి గుర్తులు. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది కనుక మనిషి లెక్కతో జ్వరం అనుకోవడం గానీ లేదనుకోవడం గానీ పొరపాటు, థర్మామీటరుతో చూడాలి. వీటితో పాటు పంటి నొప్పి, ఆసనం పక్కనుండే గ్రంథులు నిండిపోవడం, పెద్ద జాతుల్లో తుంటి కీలు అరగడం, డాక్స్‌హుండ్‌లలో వెన్నుపూసల మధ్య డిస్కు జారడం కూడా మూలుగు రూపంలోనే మొదట బయటపడవచ్చు.

రెండు పరిస్థితుల్లో మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. ఛాతీ లోతుగా ఉండే గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద కుక్కలు తిన్న తర్వాత కడుపు ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాక, ఒక చోట నిలవలేక మూలుగుతుంటే కడుపు మెలిపడి ఉండవచ్చు. కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. మూత్రం పోయడానికి పదే పదే ప్రయత్నిస్తూ చుక్క కూడా రాని మగకుక్కకు రాయి అడ్డుపడి ఉండవచ్చు, అదీ అంతే తొందరైన విషయం. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో బోధనాసుపత్రులు ఉన్నాయి. మీకు దగ్గరలో రాత్రి వేళ ఏ ఆసుపత్రి తెరిచి ఉంటుందో అవసరం రాకముందే తెలుసుకుని, ఆ నంబరు ఫోనులో పెట్టుకోండి.

నొప్పిగా ఉన్నట్టుంది, ఇంట్లో ఉన్న మాత్ర సగం వేయవచ్చా?

వేయకూడదు. పారాసిటమాల్ కుక్క కాలేయాన్నీ రక్తాన్నీ దెబ్బతీయగలదు. ఐబుప్రోఫెన్ వల్ల కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడిపోతాయి. కుక్కలకు వేరే నొప్పి మందులు ఉన్నాయి, వాటి మోతాదు బరువును బట్టి వైద్యుడే చెప్పాలి.

కొత్తగా తెచ్చిన కుక్కపిల్ల రాత్రంతా ఏడుస్తోంది. పట్టించుకోకపోతే దానంతటదే మానుతుందా?

ఆ సలహా చాలా ఇళ్లలో వినిపిస్తుంది, నేను దాన్ని ఒప్పుకోను. తల్లి పొట్టకూ తోబుట్టువులకూ ఆనుకుని పడుకున్న ప్రాణి మొదటిసారి చీకట్లో ఒంటరిగా ఉంది. అరిచి అరిచి అలసిపోయి ఊరుకున్నంత మాత్రాన దానికి ధైర్యం వచ్చినట్టు కాదు. మొదటి రోజుల్లో దాని పడకను వంటింటి మూలనో బాల్కనీలోనో కాకుండా మీ మంచం పక్కనే పెట్టండి. తల్లి దగ్గర ఉన్న పాత గుడ్డ ముక్క ఒకటి తెచ్చుకుని పడకలో వేస్తే ఆ వాసన దాన్ని కుదుటపరుస్తుంది. రాత్రి మూలిగినప్పుడు చేయి కిందికి జార్చి తాకితే చాలాసార్లు మళ్లీ నిద్రపోతుంది. అది అలవాటు పడ్డాక పడకను కొంచెం కొంచెంగా మీరు కోరుకున్న చోటికి జరపవచ్చు.

మూత్రానికి లేచిన మూలుగును దీనితో కలపకూడదు. కుక్కపిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు మించి అది ఆపుకోలేదని స్థూలంగా చెబుతారు. రెండు నెలల పిల్లకు అంటే సుమారు మూడు గంటలు. అర్ధరాత్రి మూలిగితే లైట్లు వేసి ఆడించకుండా మౌనంగా బయటికి తీసుకువెళ్లి, పని కాగానే మళ్లీ పడుకోబెట్టండి. ఆకలి కూడా ఒక కారణమే: మెత్తటి పెరుగన్నం ఒక్కటే పెడితే పొట్ట నిండుతుంది కానీ పెరిగే ఒంటికి కావలసిన మాంసకృత్తులూ కాల్షియమూ అందవు. కడుపులో నులిపురుగులు ఉన్న పిల్ల ఎంత తిన్నా పొట్ట ఉబ్బి మూలుగుతూనే ఉంటుంది కనుక పురుగుల మందు క్రమం తప్పకుండా వేయించాలి.

చివరగా, ఎనిమిది వారాలు నిండకముందే తల్లి నుంచి వేరుచేసి అమ్మే వారి దగ్గర పిల్లను కొనకండి. తొందరగా వేరుచేసిన పిల్లలు పెద్దయ్యాక కూడా భయస్థులుగా, అతిగా అరిచేవిగా తయారయ్యే అవకాశం ఎక్కువ.

మేము భోజనానికి కూర్చోగానే మూలగడం మొదలుపెడుతుంది. ఏం చేయాలి?

ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి ఒక ముద్ద పెట్టి ఉంటారు. రోజూ పెట్టే ముద్ద కంటే ఎప్పుడైనా ఒకసారి పెట్టే ముద్దే ఈ అలవాటును మొండిగా మారుస్తుంది, ఎందుకంటే ఈసారి దొరకవచ్చన్న ఆశ కుక్కకు ఎప్పటికీ చావదు. కాబట్టి మానేటప్పుడు ఇంటిల్లిపాదీ ఒకేసారి మానాలి. నాన్నమ్మో తాతయ్యో ప్రేమతో బల్ల కింద నుంచి చపాతీ ముక్క అందిస్తే మిగిలినవారి ఓర్పు అంతా వృథా అవుతుంది. పెద్దవారితో వాదించకుండా, కుక్కకు పెట్టే పని ఒకటి వారికే అప్పగించడం మేలైన మార్గం: భోజనాలకు ముందు దాని గిన్నెలో దాని తిండి వారి చేత్తోనే పెట్టించండి.

పట్టించుకోవడం మానగానే మూలుగు తగ్గదు, ముందు పెరుగుతుంది. ఇంతకాలం పనిచేసిన ఉపాయం పనిచేయకపోయేసరికి కుక్క దాన్నే మరింత గట్టిగా ప్రయత్నిస్తుంది. చాలా కుటుంబాలు సరిగ్గా ఈ దశలోనే ఓడిపోయి ముద్ద పెడతాయి, దాంతో గట్టిగా మూలిగితే పని అవుతుందని కుక్క నేర్చుకుంటుంది. దీన్ని దాటడానికి మౌనం ఒక్కటే చాలదు, మూలగడానికి బదులు ఏం చేయాలో కూడా చూపించాలి. ఒక చాప వేసి, దాని మీద పడుకుని నిశ్శబ్దంగా ఉన్న ప్రతిసారీ చిన్న తిండి ముక్క ఆ చాప మీదికే వేయండి. మొదట కొన్ని క్షణాల మౌనానికి, తర్వాత ఇంకా ఎక్కువ సేపటికి. అది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మనం దాన్ని మరిచిపోతాం, మూలిగినప్పుడు మాత్రమే దాని వైపు తిరుగుతాం. ఈ తీరును తిప్పి రాయడమే అసలైన పని.

బయటికి తీసుకువెళ్లబోతుంటే సంతోషంతో ఒకటే మూలుగు. ఇదీ సమస్యేనా?

పెద్ద సమస్య కాదు. తాడు తీసి చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడండి. అది నాలుగు కాళ్ల మీద నిశ్శబ్దంగా నిలిచాకే తాడు కట్టి తలుపు తీయండి. కొన్నాళ్లకు దానికే అర్థమవుతుంది.

మేము ఆఫీసుకు వెళ్లగానే రోజంతా ఏడుస్తోందని పక్కింటివారు చెబుతున్నారు. దాని బెంగ ఎలా తీర్చాలి?

ఇది అన్నిటికంటే కష్టమైనది, అందరూ తేలికగా తీసుకునేది కూడా. 2020 లాక్‌డౌన్ సమయంలోనూ, ఆ తర్వాత ఇంటి నుంచే ఉద్యోగాలు చేసిన రోజుల్లోనూ ఇళ్లకు వచ్చిన కుక్కల్లో ఎన్నో ఒంటరిగా ఉండటం ఎప్పుడూ నేర్చుకోలేదు. ముందు ఇది బెంగేనా, విసుగా అన్నది తేల్చుకోవాలి. పాత ఫోను ఒకటి గదిలో పెట్టి, మీరు వెళ్లిన తర్వాత మొదటి అరగంట రికార్డు చేయండి. బెంగ ఉన్న కుక్క సాధారణంగా ఆ అరగంటలోనే మొదలుపెడుతుంది: గుమ్మం దగ్గర తచ్చాడుతుంది, తలుపు గీకుతుంది, చొంగ కారుస్తుంది, అలవాటున్న కుక్క కూడా ఇంట్లోనే మూత్రం పోస్తుంది, ఇష్టమైన తిండి పెట్టి వెళ్లినా ముట్టదు. విసుగున్న కుక్క తిండి తింటుంది, కాసేపు పడుకుంటుంది, మధ్యలో లేచి చెప్పులు కొరుకుతుంది. విసుగుకు ఉదయం ఎక్కువసేపు నడక, వాసన చూస్తూ వెతుక్కునేలా దాచిన తిండి, కొరుక్కునే బొమ్మలు సరిపోతాయి. బెంగకు అవి సరిపోవు.

బెంగ తగ్గించే పని రెండు భాగాలుగా సాగుతుంది. మొదటిది, మీరు వెళ్లబోతున్నారని చెప్పే గుర్తుల బలం తీసేయడం. తాళాలు తీయడం, బూట్లు వేసుకోవడం, బ్యాగు భుజానికి తగిలించుకోవడం చూసేసరికే కుక్కకు గుండె దడ మొదలవుతుంది కనుక, ఎక్కడికీ వెళ్లని వేళల్లో కూడా తాళాలు తీసి మళ్లీ పెట్టేయండి, బూట్లు వేసుకుని కూర్చుని టీ తాగండి. రెండవది, ఒంటరితనాన్ని క్షణాల కొలతతో అలవాటు చేయడం. తలుపు అవతలికి వెళ్లి, అది మూలగడం మొదలుపెట్టక ముందే తిరిగి రావాలి. మొదట అయిదు క్షణాలే కావచ్చు, తర్వాత పది, తర్వాత అర నిమిషం. అది కంగారు పడితే మీరు తొందరపడ్డారని అర్థం. మరునాడు ఇంకా తక్కువ సేపటితో మొదలుపెట్టండి. దీనికి వారాలు, కొన్ని కుక్కలకు నెలలు పడుతుంది. శిక్షణ సాగినంత కాలం దాన్ని నిజంగా ఎక్కువసేపు ఒంటరిగా వదిలితే చేసిన పనంతా వెనక్కి పోతుంది కాబట్టి బంధువులనో, నమ్మకమైన పనివారినో, పగటివేళ కుక్కలను చూసుకునే కేంద్రాన్నో ఏర్పాటు చేసుకోవాలి. ఖర్చూ ఇబ్బందీ ఉన్న పనే, అయినా దీనికి దగ్గరి దారి లేదు. మరో కుక్కను తెస్తే తగ్గుతుందని కొందరు చెబుతారు. అది బెంగపడేది మనుషుల కోసం అయినప్పుడు రెండో కుక్క వల్ల ప్రయోజనం ఉండకపోవచ్చు, ఒక్కోసారి రెండూ కలిసి ఏడుస్తాయి.

ఆందోళనకు మందులు ఉన్నాయా?

ఉన్నాయి. ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమిన్ అనే మందులను తీవ్రమైన బెంగ ఉన్న కుక్కలకు పశువైద్యులు రాస్తారు. వాటి ఫలితం కనిపించడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఇష్టం వచ్చినప్పుడు హఠాత్తుగా ఆపకూడదు. శిక్షణ తలకెక్కేంత నెమ్మది కుక్కకు కలిగించడమే వాటి పని. శిక్షణ మానేసి మందు మీదే ఆధారపడితే మందు ఆపగానే బెంగ తిరిగి వస్తుంది. మత్తు ఇచ్చి పడుకోబెట్టడం మాత్రం చికిత్స కాదు. కొన్ని మత్తుమందులు కండరాలను సడలిస్తాయి కానీ భయాన్ని తగ్గించవు. కుక్క కదలలేక పడి ఉండి లోలోపల భయపడుతూనే ఉంటుంది.

దీపావళి వచ్చిందంటే మంచం కింద దూరి వణుకుతూ మూలుగుతుంది. దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందా?

కాదు, నిస్సంకోచంగా దగ్గరికి తీసుకోండి. భయం ఒక అనుభూతి; ఓదార్పు వల్ల అది బలపడదు. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వింటే కుక్క చెవి 40,000 దాటి వింటుంది కనుక, మనకు వినబడని పదును కూడా ఆ చప్పుళ్లలో దానికి ఉంటుంది. పండగ నాడు చీకటి పడకముందే నడకకు తీసుకువెళ్లి వచ్చేయండి. కిటికీలు మూసి, తెరలు దించి, ఇంట్లో మధ్య గదిలో దాని పడక వేసి, ఫ్యానో టీవీనో పెట్టి ఉంచండి. మంచం కింద ఉంటానంటే అక్కడే ఉండనివ్వండి, బయటికి లాగకండి. బెదిరిన కుక్కలు గేటు దూకి పారిపోయి దారి తప్పుతాయి కాబట్టి మెడపట్టీకి మీ ఫోను నంబరు ఉన్న బిళ్ల తప్పనిసరిగా కట్టండి.

అసలు పని పండగకు కొన్ని నెలల ముందే మొదలవ్వాలి. టపాసుల చప్పుడు రికార్డును అతి తక్కువ ధ్వనితో వినిపిస్తూ, వినిపించిన ప్రతిసారీ దానికి బాగా ఇష్టమైన తిండి ఇవ్వాలి. చెవులు వంచకుండా తింటున్నంత కాలమే ధ్వనిని మెల్లగా పెంచాలి. తిండికి ముందు మోగే గంటకు అలవాటు పడ్డాక, గంట మోగగానే కుక్కకు నోరూరడం గురించి రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ చూపించినది ఇక్కడ ఆ మూగజీవి మేలు కోసమే పనికొస్తుంది: చప్పుడు తర్వాత మంచిది జరుగుతుందని దాని ఒంటికి తెలుస్తుంది.

తిడితేనో, ఒకటి తగిలిస్తేనో, షాక్ పట్టీ కడితేనో ఆగుతుందంటారు. నిజమేనా?

చప్పుడు ఆగవచ్చు, బాధ ఆగదు. నొప్పితో, భయంతో మూలిగే కుక్కకు శిక్ష వేస్తే భయానికి రెండో కారణం దొరుకుతుంది, ఆ రెండో కారణం మీరే అవుతారు. మూలిగినా గుర్రుమన్నా దెబ్బలు తిన్న కుక్క క్రమంగా ఏ హెచ్చరికా ఇవ్వకుండానే కరిచేదిగా మారగలదు. పిల్లలున్న ఇంట్లో అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. 1967లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ చేసిన ప్రయోగాల్లో, తప్పించుకునే వీలు లేకుండా విద్యుత్ షాకులు తిన్న కుక్కల్లో చాలా వరకు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడి ఉండిపోయాయి. అటువంటి నిశ్శబ్దాన్ని చూసి కుక్క బాగుపడిందని అనుకోకూడదు.

కాపలా కోసం గేటు దగ్గర గొలుసుతో కట్టేస్తాం. పగలంతా మూలుగుతూనే ఉంటుంది.

ఆ మూలుగుకు కారణం గొలుసే. కుక్క గుంపుతో బతికే జంతువు. మనుషులు కనిపిస్తూ చేరలేని చోట ఉండటం దానికి రోజంతా సాగే శిక్ష. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో అసమంజసమైనంత సేపు కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం నేరాలు. వేసవిలో ఈ మూలుగు ఎండదెబ్బకు ముందు వచ్చేదీ కావచ్చు: నీడ జరిగిపోయి, గిన్నె ఎండిపోయి, సిమెంటు నేల కాలుతున్నప్పుడు కుక్క విపరీతంగా రొప్పుతూ తూలితే వెంటనే నీడకు చేర్చి, మామూలు నీటితో ఒళ్లు తడిపి, గాలి తగిలేలా చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కాపలాకైనా సరే, ఇంటి చుట్టూ స్వేచ్ఛగా తిరుగుతూ ఇంటివారితో మెలిగే కుక్కే బాగా పనికొస్తుంది.

ఆడకుక్క బొమ్మలను పోగేసుకుని మూలుగుతోంది. అది గర్భంతో కూడా లేదు కదా?

ఎదకు వచ్చి వెళ్లిన ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, గర్భం లేకపోయినా కొన్ని ఆడకుక్కల ఒంట్లో గర్భం ఉన్నట్టే మార్పులు వస్తాయి. పొదుగు ఉబ్బుతుంది, పాలు కూడా రావచ్చు, మెత్తని బొమ్మలను పిల్లల్లా కాపాడుకుంటుంది. చాలావరకు రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది; పొదుగును పిండకూడదు, అలా చేస్తే పాలు పెరుగుతాయి. మగకుక్క రాత్రంతా గుమ్మం దగ్గర మూలుగుతూ తిండి మానేస్తే చుట్టుపక్కల ఎక్కడో ఆడకుక్క ఎదలో ఉన్నట్టు. ఈ రెండింటికీ శాశ్వత పరిష్కారం సంతాన నిరోధక శస్త్రచికిత్స, ఏ వయసులో చేయించాలో మీ కుక్క జాతిని బట్టి వైద్యుడిని అడగండి.

మా ముసలి కుక్క అర్ధరాత్రి లేచి గోడ వైపు చూస్తూ మూలుగుతోంది.

పదేళ్లు దాటిన కొన్ని కుక్కల్లో మనుషుల మతిమరుపు జబ్బును పోలిన స్థితి వస్తుంది. తెలిసిన ఇంట్లోనే దారి తప్పడం, తలుపు కీలు వైపు నిలబడి తీయమనడం, పగలు నిద్రపోయి రాత్రి తిరగడం దాని గుర్తులు. అయితే అంత మాత్రాన వయసు అని వదిలేయకూడదు. కీళ్లనొప్పులు, చూపు మందగించడం, మూత్రపిండాల జబ్బు వల్ల మాటిమాటికీ మూత్రం రావడం కూడా ఇలాగే కనిపిస్తాయి, వాటికి చికిత్స ఉంది. రాత్రి చిన్న దీపం వెలిగించి ఉంచండి, సామాన్ల స్థానం మార్చకండి, జారే టైల్స్ మీద గోనెపట్టాలు పరవండి, పడుకునే ముందు ఒకసారి బయటికి తిప్పండి. అది మిమ్మల్ని పిలిచినప్పుడు వెళ్లండి. అంతకాలం మీ ఇంటిని కాచిన ప్రాణికి ఆ మాత్రం చేయడం మన బాధ్యత.

గొంతు మారిపోయి వింతగా మూలుగుతోంది. రేబిస్ అయి ఉండవచ్చా?

టీకాలు సక్రమంగా వేయించిన కుక్కలో ఆ అవకాశం చాలా తక్కువ. టీకా లేని కుక్క, ముఖ్యంగా వేరే కుక్క కరిచినది, గొంతు మారి, దవడ వేలాడి, చొంగ కారుస్తూ, మింగలేక, చీకటి మూలలకు చేరుతుంటే మాత్రం అనుమానించాలి. గొంతులో ఎముక ఇరుక్కుందేమో అని నోట్లో చేయి పెట్టకండి. చాలామంది ప్రమాదంలో పడేది ఇక్కడే. పిల్లలను దూరంగా ఉంచి, కుక్కను ఒక గదిలో మూసి, పశువైద్యుడికి ఫోను చేయండి. కరిచినా, గీరుకున్న చోట చొంగ తగిలినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించాలి.

అపార్ట్‌మెంట్ సంఘం వారు కుక్కను పంపించేయమంటున్నారు. ఏం చెప్పాలి?

పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ కాగితం చూపించే ముందు పక్కింటివారితో మాట్లాడండి. వారి పిల్లల పరీక్షలు, వారి ఇంట్లో రోగి నిద్ర కూడా నిజమైన ఇబ్బందులే. మీరు డాక్టరుకు చూపించారనీ, శిక్షణ మొదలుపెట్టారనీ, కొన్ని వారాలు పడుతుందనీ చెప్పి, మీరు లేనప్పుడు ఏ వేళల్లో ఎక్కువగా వినిపిస్తోందో రాసి పెట్టమని వారినే అడగండి. కుక్క పడకను ఉమ్మడి గోడకు, లిఫ్టుకు దూరంగా జరపండి, కారిడార్ వైపు తలుపు కింది సందుకు గుడ్డ చుట్టి పెట్టండి. వారు రాసిచ్చిన వేళలను మీ పుస్తకంతో పోల్చి చూస్తే, మీకు ఇన్నాళ్లూ కనబడని కారణం ఒక్కోసారి అక్కడే దొరుకుతుంది: పాలవాడు వచ్చే సమయమో, పై అంతస్తులో మోటారు వేసే సమయమో, ఎదురింటి కుక్కను బయటికి తిప్పే సమయమో అయి ఉండవచ్చు.